మెతుకుతో అంటించిన నీలం బిళ్ళ

కొల్లం పక్కన కిళికొల్లూరు జీడి ఫ్యాక్టరీల్లో పప్పు ఏరిన ఆడవాళ్ళు వేల మంది. వాళ్ళలో బొంబాయి నుంచీ లండన్ నుంచీ తన పేరు మీద ఉత్తరాలు అందుకున్నది ఒక్క కొచ్చుపారే. ఆమె చదువు నాలుగో తరగతి, అదీ మూడు నెలలు తక్కువ. అయినా తిరువాంకూరు పాత తపాలా బిళ్ళల్లో ఏది ఏ అచ్చో తేల్చాలంటే, పట్టాలున్న పెద్దమనుషులు కొల్లంలో రైలు దిగి, చిన్నక్కడ గడియార స్తంభం దాటి, ఇట్టూప్ మాష్టారి ఇరుకు కొట్లో చాప మీద కూర్చున్న ఆమె ముందు చెప్పులు విడిచి నిలబడ్డారు. గొప్పలు చెప్పుకుంటున్నామని ఎవరన్నా అనుకుంటే అనుకోనివ్వండి. ఉన్న గొప్ప చెప్పుకోవడానికి సిగ్గెందుకు?

పదకొండో ఏట ఆమెను ఫ్యాక్టరీలో నూక వరసలో కూర్చోబెట్టారు. జీడిపప్పులో గుండ్లు, బద్దలు, ముక్కలు, నూక అని అంతస్తులుంటాయి. గుండ్లు ఏరేవాళ్ళు కిటికీ పక్కన కూర్చుంటారు. నూక ఏరే పిల్లలకు గోడవార చీకటి మూల. గోరంత ముక్కల్లోంచి మాడినవీ పురుగు తిన్నవీ తీసేసి, మిగిలినవాటిని మళ్ళీ రెండు సైజులు చెయ్యాలి. నాలుగేళ్ళు ఆ మూల కూర్చుంది కొచ్చుపారు. తర్వాత బద్దలు, పద్దెనిమిదో ఏట గుండ్లు, ఇరవై ఆరో ఏట వరస పెద్ద.

ఒకసారి సూపర్‌వైజరు వేలాయుధన్ పిళ్ళై పందెం కట్టి ఆమె కళ్ళకు తుండుగుడ్డ బిగించాడు. మూడు సైజుల గుండ్లు కలిపేసి నూరు గింజలు ముందు పోశాడు. ఆమె వేళ్ళతోనే మూడు కుప్పలు పెట్టింది. తప్పినవి రెండే. ఆ రెండూ పిళ్ళై దొంగచాటుగా కొస కొరికి కలిపినవి.

"ఇవి గింజలు కావు సారూ, మీ ఎంగిలి," అంది తుండుగుడ్డ విప్పుకుంటూ. ఆ మాట నెల రోజులు ఫ్యాక్టరీలో తిరిగింది.

కొత్తగా వచ్చిన పిల్లలకు ఆమె చెప్పే పాఠం ఒక్కటే. "చూసి ఏరొద్దు. ఏరుతూ చూడు."

అరవై నాలుగులో ఆఫ్రికా జీడిగింజల ఓడ రాలేదు. ఫ్యాక్టరీ మూడు నెలలు మూతపడింది. ఆమె భర్త ప్రభాకరన్ అష్టముడి కాయల్ అనే ఉప్పునీటి సరస్సులో పడవ నడిపేవాడు. పడవొక్కదానితో ఇల్లు గడవదు. అప్పుడు ఎవరో చెప్పారు, ఇట్టూప్ మాష్టారికి కాగితాలు ఏరడానికి మనిషి కావాలట అని.

ఇట్టూప్ మాష్టారు ముప్పై రెండేళ్ళు బళ్ళో డ్రాయింగు చెప్పి రిటైరయ్యారు. కోర్టుల్లో, పాత ఇళ్ళ అటకల మీద మూలుగుతున్న పాత కాగితాలూ కవర్లూ గోనెలతో కొని, వాటి మీది స్టాంపులు కత్తిరించి, నీళ్ళలో నానబెట్టి ఊడదీసి, ఆరబెట్టి దేశదేశాలకు పంపేవారు. అన్నీ అంచల్ స్టాంపులు. అంచల్ అంటే తిరువాంకూరు రాజుగారి సొంత తపాలా. ఇంగ్లీషువాళ్ళ తపాలాతో పొత్తు లేదు. బిళ్ళ వెల కూడా రాజుగారి నాణెం చక్రాల్లోనే. బిళ్ళ మీద రాజు బొమ్మ ఉండదు, శంఖం ఉంటుంది. కాగితం లోపల కూడా ఇంకో శంఖం దాగి ఉంటుంది.

మొదటి రోజు మాష్టారు ఒక చేట నిండా నీలం బిళ్ళలు ఆమె ముందు పెట్టారు.

"ఇవన్నీ ఒక చక్రం బిళ్ళలు. నూరేసి చొప్పున దారం కట్టు. అంతే పని."

"అన్నీ ఒకటేనా మాష్టారూ?"

"ఒకటే అంటే... నాలుగు అచ్చులున్నాయిలే. నలభై ఏళ్ళు అదే శంఖం, అదే నీలం. చూస్తే కవల పిల్లలు. ఆ నాలుగూ పట్టుకోడానికి నాకు ముప్పై ఏళ్ళు పట్టింది. నీకెందుకు ఆ గొడవ, దారం కట్టు."

మాష్టారు భోజనానికెళ్ళి, ఓ కునుకు తీసి వచ్చేసరికి చాప మీద ఒక్క కట్ట కూడా లేదు. ఏడు కుప్పలున్నాయి.

"ఇదేంటి? ఉల్లిపాయల కొట్టు పెట్టావా?"

"ఇవి ఏడు రకాలు మాష్టారూ. నాలుగు కాదు."

"రంగుల సంగతి నాకు చెబుతున్నావా? డ్రాయింగు మాష్టరుకి?"

"మీకు రంగులు కలపడం తెలుసు. నాకు విడదీయడం తెలుసు," అందామె. పొగరుగా అనలేదు. పప్పు మాడిందా లేదా చెప్పినంత మామూలుగా అంది.

మాష్టారు భూతద్దం పట్టుకుని కూర్చున్నారు. చీకటి పడే వేళకు ఆరు కుప్పలు ఒప్పుకున్నారు. ఏడోది మర్నాడు పొద్దున తలుపు తీస్తూనే ఒప్పుకున్నారు.

ఆ ఏడు నీలాలకూ ఆమె పెట్టిన పేర్లే తర్వాత నిలిచాయి. ఒకటి శంఖుపువ్వు నీలం. ఒకటి చాకలి నీలం. ఒకటి వానమబ్బు. ఒకటి కాయల్ నీలం, మధ్యాహ్నం పడవ కింద నీళ్ళలా ఉంటుందని. ఇలా ఆరింటికి పేర్లొచ్చాయి. ఏడోదానికి మాత్రం ఎన్నాళ్ళకూ పేరు కుదరలేదు. "దానికి ఇంకా పేరు రాలేదు, వచ్చినప్పుడు వస్తుంది," అనేది.

కాగితం లోపలి శంఖం చూడాలంటే బిళ్ళను నల్లటి దాని మీద బోర్లించి ఒక చుక్క పెట్రోలు వెయ్యాలి. మాష్టారి దగ్గర దానికి సీమ నుంచి తెప్పించిన నల్ల పింగాణీ పళ్ళెం ఉండేది. కొచ్చుపారు దాన్ని ముట్టుకోలేదు. నాలుగో తరగతిలో ఆపేసిన తన రాతి పలకను ఇంటి నుంచి పట్టుకొచ్చింది. ఆ పలక మీద పాత అచ్చుల్లో పొట్ట నిండిన శంఖం తేలేది, ఇరవై నాలుగు నాటి పెద్ద వరద తర్వాతి అచ్చుల్లో సన్నటి శంఖం తేలేది. తల్లి శంఖం, పిల్ల శంఖం అనేది ఆమె. అంచు పళ్ళు లెక్కపెట్టడానికి కొలబద్దకు బదులు బొటనవేలి గోరు వాడేది. పాత అచ్చుల పళ్ళు దగ్గర దగ్గరగా, కొత్తవి ఎడంగా ఉంటాయి. గోరు జారిస్తే తెలిసిపోతుందట. ఎవరికి తెలుస్తుంది? ఆమెకు.

మూడు నెలలకని వచ్చిన మనిషి, ఫ్యాక్టరీ తెరిచినా ఆదివారాలు వస్తూనే ఉంది. తర్వాత ఫ్యాక్టరీ మానేసి ఇక్కడే ఉండిపోయింది. అరవై ఎనిమిదిలో కోయంబత్తూరు డాక్టరొకాయన వెండి పెట్టెలో పెట్టి ఒకే ఒక్క బిళ్ళ తెచ్చాడు. దేశంలో అలాంటివి మూడే ఉన్నాయన్నాడు. కొచ్చుపారు గోరు ఒక్కసారి జారించింది. "ఈ పళ్ళు అచ్చాఫీసులో పుట్టలేదు డాక్టరుగారూ. కత్తెరతో పుట్టాయి," అంది. డాక్టరు కోపంగా వెళ్ళి, నెల తర్వాత ఒక బుట్ట మామిడిపళ్ళు పంపాడు. డెబ్బై ఒకటిలో బొంబాయి పార్సీ షావుకారు మూడు వందల బిళ్ళలు పంపితే నాలుగు రోజుల్లో విడదీసి పంపింది, తప్పని ఒక్కటీ తిరిగి రాలేదు. డెబ్బై మూడులో లండన్ తపాలా బిళ్ళల సంఘం వాళ్ళ పత్రికలో శంఖుపువ్వు నీలం అన్న మాట ఇంగ్లీషు అక్షరాల్లో పడింది. ఆ కాగితం ప్రభాకరన్ వంటింటి గోడకు అంటించాడు.

"మా ఇంటావిడ పంచదార డబ్బాలో ఉప్పు పోస్తుంది," అనేవాడు వచ్చినవాళ్ళతో. "రాజుగారి నీలాలు మాత్రం చీకట్లో చెబుతుంది. ఏం చేస్తాం, నేను రాజును కాను కదా."

ఇవన్నీ ఒక ఎత్తు. డెబ్బై తొమ్మిది చింగం నెలలో, ఓణానికి పది రోజుల ముందు జరిగింది ఒక ఎత్తు.

ఆ రోజు పొద్దున్నే తెంకరక్కావు అనే ఊరి పోస్టుమాస్టరు శశిధరన్, డెబ్బై ఏళ్ళ ముసలావిడను వెంటబెట్టుకుని కొట్లోకి వచ్చాడు. అచ్చంకోవిల్ ఏటి ఒడ్డు ఊరది. ఆమె పేరు పంకజాక్షి. పంచెలాంటి తెల్ల ముండు కట్టుకుని, పైన కొంగు గుడ్డ వేసుకుని, చంకలో గుడ్డ సంచి పెట్టుకుని, కూర్చోమంటే కూర్చోకుండా నిలబడింది.

శశిధరన్ విషయం చెప్పాడు. తెంకరక్కావులో పోస్టాఫీసుకు కొత్త భవనం కట్టారు. అంచల్ రోజుల్లో ఉత్తరాల సంచి నెత్తిన పెట్టుకుని, గజ్జెల కర్ర చేతబట్టుకుని పరుగెత్తిన రన్నర్లలో గొప్ప పని చేసినవాళ్ళ పేర్లు ఒక రాతి పలక మీద చెక్కిస్తున్నారు. ఈమె భర్త ఉమ్మిణి అలాంటి రన్నరే. కొల్లం లెక్కలో తొంభైతొమ్మిదో ఏటి వరదలో, అంటే ఇరవై నాలుగులో, ఏరూ పొలమూ ఏకమైన రోజున, సంచి వదలకుండా ఈదుకుంటూ వచ్చి ఉత్తరాలు చేర్చాడని ఊళ్ళో పెద్దలంటారు.

"అంటారు సరే, రుజువు కావాలి కదా," అన్నాడు శశిధరన్. "ఆఫీసు రిజిస్టర్లు ఆ వరదలోనే పోయాయి. ఆ రోజు ఆయన చేర్చిన ఉత్తరం ఒకటి ఈ అమ్మ దగ్గరుంది. తిరువనంతపురం నుంచి స్టాంపులు తెలిసిన పెద్దాయన వచ్చి చూశారు. ఈ స్టాంపు వరద తర్వాత ఏడెనిమిదేళ్ళకు అచ్చయింది, ఉత్తరం వరద నాటిది కాదు అనేశారు. సోమవారం రాతి మీద పేర్లు చెక్కుతారు. ఇవాళ శుక్రవారం. ఇట్టూప్ మాష్టారి కొట్లో ఒకావిడ ఉంది, ఆవిడ ఒప్పుకుంటే నేనూ ఒప్పుకుంటానని ఆ పెద్దాయనే అన్నారు."

మాష్టారి మీసం కొంచెం పైకి లేచింది. కొచ్చుపారు చెయ్యి చాచింది.

పంకజాక్షి సంచిలోంచి అరటినారతో కట్టిన చిన్న తాటాకు పెట్టె తీసింది. అందులో ఒక కవరు. మురికి పసుపు రంగు, సగం దాకా నీటి మరక. అడ్రసు ఊదా పెన్సిలుతో రాసింది, అలుక్కుపోయింది. కుడివైపు పైన నీలం చక్రం బిళ్ళ.

కొచ్చుపారు కవరును కిటికీ వెలుగుకు వంచింది. బిళ్ళ అంచు మీద గోరు జారించింది. పళ్ళు ఎడంగా ఉన్నాయి. రంగు ఆ ఏడో కుప్ప రంగు, పేరు లేని నీలం. వరద తర్వాతి అచ్చే. అంతటితో ఆగలేదు. గుండ్రటి టపా ముద్ర కవరు మీద సగం వరకు వచ్చి బిళ్ళ అంచు దగ్గర ఆగిపోయింది. బిళ్ళ మీద సిరా చుక్క కూడా లేదు.

"ఆయన చెప్పింది నిజమేనమ్మా," అంది కొచ్చుపారు. "ఈ బిళ్ళ వరద నాటిది కాదు."

పంకజాక్షి వెనక్కి జరిగింది. గోడకు ఆనుకుంది. చెయ్యి తాటాకు పెట్టె మూత మీద అలాగే ఉండిపోయింది.

"లోపల ఉత్తరం మీద తారీఖు లేదా?" అని అడిగారు మాష్టారు.

"లోపల ఏమీ లేదు బాబూ. నీళ్ళు తాగేసింది. మబ్బు పట్టినట్టు నీలం మరక, అంతే."

కొచ్చుపారు కవరు వెనక్కి ఇవ్వలేదు. బొటనవేలు బిళ్ళ మీదే ఉంది. బిళ్ళ కింద ఏదో ఉబ్బుగా తగిలింది. ఒకటి కాదు, మూడు చోట్ల. మళ్ళీ నిమిరింది. ఏ అంచల్ ఆఫీసు జిగురూ అలా ఉండదు. అది అన్నం మెతుకు. మెతుకు నలిపి అంటించే పని ఏ గుమాస్తాదీ కాదు, వంటింటిది.

ఆమె తలెత్తి ముసలావిడ ముఖం చూసింది.

"మాష్టారూ, ఈ పోస్టుమాస్టరు గారికి పొద్దున్నుంచీ టీ చుక్క పడినట్టు లేదు. అలా ఇద్దరూ వెళ్ళి తాగి రండి."

"ఇక్కడికే తెప్పిస్తా."

"అక్కడికే వెళ్ళండి మాష్టారూ. పుట్టు కూడా తినండి. నెమ్మదిగా తినండి."

మాష్టారికి పదిహేనేళ్ళ అనుభవం. మాట్లాడకుండా శశిధరన్ భుజం మీద చెయ్యి వేసి తీసుకెళ్ళిపోయారు.

కొచ్చుపారు చాప మీద పక్కకు జరిగింది. ఈసారి పంకజాక్షి కూర్చుంది.

"ఏం అన్నమమ్మా అది? ఉప్పుడు బియ్యమా?"

ముసలావిడ ఉలిక్కిపడింది. కొంగుతో నోరు తుడుచుకుంది.

"ఉప్పుడు బియ్యమే. కొత్త కాపురం. రెండో నెల."

"ఆయనకు తెలియకుండా?"

"ఆయనకు తెలియకూడదనే కదా అంటించింది." ఆమె గొంతు తగ్గింది. "చెబుతా. నవ్వకూడదు మరి."

వరద రోజున ఆమెకు పద్నాలుగేళ్ళు. ఇంటివాళ్ళంతా అటక ఎక్కి కూర్చున్నారు. వరండా మెట్లన్నీ నీళ్ళలో ఉన్నాయి. సాయంత్రం గజ్జెల చప్పుడు వినిపించింది. నీళ్ళలో గజ్జెలేంటని తొంగి చూస్తే, ఇరవై ఏళ్ళవాడొకడు మెడ లోతు నీళ్ళలో, ఒక చేత్తో సంచి నెత్తిన పట్టుకుని, ఇంకో చేత్తో కర్ర పొడుచుకుంటూ వస్తున్నాడు. వాళ్ళ నాన్నకు ఉత్తరం ఇచ్చాడు. అది మెత్తటి ముద్దయింది.

"ఇచ్చి వెళ్ళిపోవచ్చా? వెళ్ళడే! నీళ్ళలో నిలబడి మా నాన్నకు దండం పెడతాడు. 'అయ్యా, ఉత్తరం తడిసింది, తప్పయిపోయింది. బిళ్ళ కూడా ఎక్కడో ఊడిపోయింది, తప్పయిపోయింది' అంటాడు. మా నాన్న, 'ఒరే, ముందు పైకెక్కరా, చచ్చిపోతావు' అని అరుస్తున్నాడు. 'ఇంకా పదకొండున్నాయయ్యా' అని వెళ్ళిపోయాడు. ఆ ఉత్తరం ఎవరు రాశారో, ఏం రాశారో ఇప్పటికీ తెలీదు. మా నాన్న పారేయమన్నాడు. నేను దాచుకున్నా."

"ఎందుకు దాచుకున్నారు?"

"నీకు తెలీదా ఎందుకో?" అని ముసలావిడ ఆమె మోకాలి మీద ఒకటి వేసింది.

ఏడేళ్ళ తర్వాత ఆ ఉమ్మిణికే ఇచ్చి చేశారు. కాపురానికొచ్చాక ఆమె ఆ ఉత్తరం చూపించింది. మురిసిపోతాడనుకుంది. అతను తలదించుకున్నాడు.

"బిళ్ళ ఊడిన ఉత్తరం ఇంట్లో పెట్టుకోవద్దన్నాడు. రాజుగారి బిళ్ళ నా చేతిలో పోయింది అన్నాడు. బిళ్ళ లేని ఉత్తరం అందుకున్నవాళ్ళు రెండింతలు కట్టాలి కదా, మా నాన్న చేత కట్టించలేక తనే కట్టాడట అప్పుడు. అది కాదు ఆయన బాధ. అప్పగించింది అప్పగించినట్టు చేర్చలేకపోయానని. ఏడేళ్ళయినా కుములుతున్నాడు. ఇక చూడలేక, మా అన్నతో ఒక నీలం చక్రం బిళ్ళ కొనిపించి, మెతుకు నలిపి అంటించేశా. 'ఇదిగో, బిళ్ళ ఎక్కడికీ పోలేదు, అటకలో చూరు కింద దొరికింది' అని చెప్పా. నీలం చక్రం నీలం చక్రమే కదా అనుకున్నా. అందులో అచ్చులుంటాయని, ఏళ్ళ తేడాలుంటాయని నాకేం తెలుసు పిల్లా?"

"ఆయనేమన్నారు?"

"చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశాడు. 'దొరికిందా' అన్నాడు. అంతే. ఆ తర్వాత ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు. నలభై రెండేళ్ళు కాపురం చేశాం." ఆమె కళ్ళు వత్తుకుంది. "ఆయన్ని మోసం చేసి చల్లగా ఉంచాననుకున్నా. ఇప్పుడు ఆ మెతుకే ఆయన పేరు చెరిపేసింది."

కొచ్చుపారు కవరు వైపు చూస్తూ అంది, "అమ్మా, ఆ నీలం బిళ్ళ పైకి లేపనిస్తారా? చింపను. పోనివ్వను."

"కింద ఏముంటుంది?"

"ఏమీ ఉండకపోవచ్చు. చూద్దాం."

కవరు నీళ్ళలో వేస్తే ఊదా పెన్సిలు కరిగిపోతుంది. అందుకని తడి గుడ్డను బిళ్ళంత కత్తిరించి, బిళ్ళ మీద మాత్రమే పరిచింది. మెతుకు మెత్తబడేదాకా కూర్చున్నారు ఇద్దరూ. పంకజాక్షి ఆ వేళ ఎన్నో చెప్పింది, ఉమ్మిణికి కర్రపెండలం ఇష్టమనీ, చేపల పులుసులో చింతపండుకు బదులు కొడంపులి వేస్తే అలిగేవాడనీ, గజ్జెల కర్ర రిటైరయ్యాక ఆఫీసులో అప్పగించి వచ్చి మూడు రోజులు అన్నం తినలేదనీ.

బిళ్ళ కదిలింది. కొచ్చుపారు పట్టుకారుతో ఒక మూల నుంచి లేపి పక్కన పెట్టింది. కింద నలిగిన మెతుకు ఎండి గాజులా ఉంది. దాన్ని తడి వేలితో తుడుస్తూ ఆగిపోయింది.

మెతుకు మరక ఎడమ కొసన, కవరుకు అతుక్కుపోయి, ఒక నీలం పొక్కు ఉంది. జీడిపప్పు పొట్టు రేకంత. అసలు బిళ్ళ ఊడిపోతూ ఒక మూల వదిలేసి వెళ్ళింది. దాని అంచున మూడు పళ్ళు. కవరు మీద ఆగిపోయిందనుకున్న టపా ముద్ర గీత ఆగలేదు. ఆ పొక్కు మీదికి ఎక్కింది, నల్లగా, తెగకుండా.

తిరువనంతపురం పెద్దాయనకు అది కనిపించే వీలు లేదు. ఆయన బిళ్ళ లేపలేదు. లేపినా, ముక్క అనుకుని తుడిచేసేవాడేమో. గోడవార చీకటి మూలలో నాలుగేళ్ళు నూక ఏరినవాళ్ళకే తెలుస్తుంది, నూకలోనూ రకం ఉంటుందని.

ఆమె తన డబ్బాలోంచి ఏడు రకాల నీలాలూ తీసి ఒక్కొక్కటే ఆ పొక్కు పక్కన పెట్టింది. చాకలి నీలం కాదు. కాయల్ నీలం కాదు. వానమబ్బు దగ్గర రెండుసార్లు ఆగి, అదీ కాదంది. శంఖుపువ్వు నీలం పెట్టింది. పళ్ళకు పళ్ళు ఆనించింది. మూడుకు మూడూ కుదిరాయి. రంగులో రంగు కలిసిపోయింది.

"ఇది పాత అచ్చమ్మా," అంది. "వరదకు ముందు అమ్మింది. ముద్ర కూడా దాని మీదే పడింది. మీ ఆయన బిళ్ళ పోగొట్టలేదు. మూల దాచి తెచ్చాడు."

పంకజాక్షి ముందుకు వంగింది. ఆమె కళ్ళకు ఆ పొక్కు ఆనలేదు. కొచ్చుపారు భూతద్దం పట్టి చూపించింది. ముసలావిడ చాలాసేపు చూసింది.

"ఇన్నేళ్ళూ నా మెతుకు కిందే ఉందా?"

"మెతుకు వల్లే ఉంది. లేకపోతే ఎప్పుడో రాలిపోయేది."

అప్పుడు పంకజాక్షి, ఎన్నాళ్ళనుంచో మింగి ఉంచిన మాట అడిగింది. "పిల్లా, ఆయనకు తెలిసే ఉంటుందా? నేను అంటించిందని?"

కొచ్చుపారు పక్కన పెట్టిన బిళ్ళను పలక మీదికి తీసుకుంది. ముద్ర పడని, సిరా అంటని, శుభ్రమైన నీలం బిళ్ళ.

"అమ్మా, రోజూ అంచల్ సంచి మోసిన మనిషి. ముద్ర లేని బిళ్ళ కనిపించదా ఆయనకు? చేతిలోకి తీసుకోగానే కనిపించి ఉంటుంది."

పంకజాక్షి ఆ బిళ్ళను వేలితో ఒకసారి తాకింది.

"దొంగ! దొంగ ముఖం! 'దొరికిందా' అన్నాడు చూడు! ఎంత అమాయకంగా అన్నాడు!" అంటూ నవ్వింది. నవ్వుతూనే కొంగు కళ్ళకు పెట్టుకుంది. "నలభై రెండేళ్ళు! ఒక్క మాట అన్లేదు. నేను మోసం చేశాననుకుని మురిసిపోతుంటే చూస్తూ కూర్చున్నాడన్నమాట."

కొచ్చుపారు ఆమె వీపు మీద చెయ్యి వేసి అలాగే ఉంచింది.

మాష్టారూ శశిధరనూ తిరిగొచ్చేసరికి ఇద్దరు ఆడవాళ్ళూ పలక ముందు పెట్టుకుని నవ్వుతున్నారు. మాష్టారు భూతద్దంతో ఆ పొక్కును చూశారు. ఏడో కుప్ప రోజున చూసినట్టు గంటల తరబడి చూడలేదు. ఒక్క చూపు చూసి తలూపారు.

"చెప్పొచ్చా ఈ మెతుకు సంగతి?" అని కొచ్చుపారు ముసలావిడను అడిగింది. "రుజువు కావాలంటే చెప్పాలి. మీరు వద్దంటే ఇంకో దారి చూస్తా."

"చెప్పు, చెప్పు. మోసం చేసిందని డెబ్బై ఏళ్ళ ముసలిదాన్ని నన్నెవరు వదిలేస్తారిప్పుడు? ఆయన్ని అడగాలంటే ఆయన లేడు. ఉన్నా 'దొరికిందా' అంటాడు."

మర్నాడు శనివారం తిరువనంతపురం పెద్దాయన స్వయంగా వచ్చాడు. మూడు పళ్ళనూ తన అద్దంతో చూశాడు, ముద్ర గీతను వేలితో కవరు మీద నుంచి పొక్కు మీదికి నడిపించాడు. తర్వాత కొచ్చుపారుకు నమస్కారం పెట్టాడు.

"నేను బిళ్ళను చూశానమ్మా. బిళ్ళ కింద చూడలేదు."

"మీరు గుండ్ల వరసవాళ్ళు సార్," అంది కొచ్చుపారు. ఆయనకు అర్థం కాలేదు. మాష్టారికి అర్థమై దగ్గొచ్చింది.

సోమవారం తెంకరక్కావులో ఉమ్మిణి పేరు రాతి మీద చెక్కారు. కొత్త భవనం తెరిచిన రోజున ఆ కవరును అద్దాల పెట్టెలో పెట్టాలన్నారు. పాత మూల కనిపించాలి కాబట్టి ఊడదీసిన పై బిళ్ళ మళ్ళీ అంటించకుండా విడిగా పెడదామన్నాడు శశిధరన్.

"విడిగా పెట్టడానికి వీల్లేదు," అంది పంకజాక్షి. "ఆయన చూసింది ఆ బిళ్ళతోనే. అలాగే ఉండాలి."

"ఉంటే పాతది కనపడదు కదమ్మా."

"కనపడకపోతే పోనీ. నాకు కనపడింది."

పోస్టుమాస్టరుకు ఎటూ తోచలేదు. కొచ్చుపారు ఒక పల్చటి కాగితం ముక్కకు జిగురు రాసి, బిళ్ళ పై అంచుకు కీలులా అంటించింది. ఇప్పుడు ఆ బిళ్ళ కిటికీ రెక్కలా లేస్తుంది. మూసి ఉంటే పంకజాక్షి బిళ్ళ, తెరిస్తే ఉమ్మిణి మూల. ఈసారి మెతుకు వాడలేదు.

"గట్టిగా ఉంటుందా?" అని ముసలావిడ అనుమానంగా అడిగింది. "మెతుకయితే నలభై ఎనిమిదేళ్ళు ఆగింది."

"ఉంటుందమ్మా."

"అయితే ఇంకొకటి చెప్పు. నీ దగ్గర అన్నిటికీ పేర్లున్నాయటగా, పూలనీ మబ్బులనీ. ఈ నా బిళ్ళ పేరేంటి?"

కొచ్చుపారు ఆ నీలం వైపు చూసింది. పదిహేనేళ్ళుగా పేరు కుదరని ఏడో కుప్ప అది.

"పంకజాక్షి నీలం," అంది.

ముసలావిడ పెదవి విరిచింది. "నా మొహం, ముసలి పేరు. నీలానికి అదేం పేరు?" అంది గాని, తాటాకు పెట్టె మూత పెడుతూ ఆ పేరు ఒకసారి మెల్లగా తనలో తనే అనుకుంది.

ఇప్పుడు ఆ ఇద్దరూ లేరు. ఇట్టూప్ మాష్టారూ లేరు. ఆ కొట్టు ఉన్నచోట చెప్పుల దుకాణం ఉంది. కాని బొంబాయిలోనైనా, కొచ్చిలోనైనా, తిరువాంకూరు ఒక చక్రం బిళ్ళలు ఏరే మనిషి కనిపిస్తే అడిగి చూడండి. పళ్ళు ఎడంగా, లోపల పిల్ల శంఖంతో ఉన్న నీలాన్ని చూపించి దీని పేరేంటని అడగండి. పంకజాక్షి ఎవరో అతనికి తెలియకపోవచ్చు, ఆ పేరు పెట్టిన నూక వరస పిల్ల కూడా తెలియకపోవచ్చు. పేరు మాత్రం తడుముకోకుండా చెబుతాడు.